యూట్యూబ్ ఛానల్ నడిపేవాళ్లకు పార్లమెంటు ప్రెస్ పాస్ ఇస్తారా?

మీ ప్రశ్న ఇది కదా: "సొంతంగా రాజకీయ వీడియోలు చేస్తున్నాను, ఛానల్ పెట్టి రెండేళ్లయింది. ఢిల్లీ వెళ్లి పార్లమెంటు కవర్ చేయాలంటే ప్రెస్ పాస్ ఇస్తారా? ఇవ్వకపోతే వేరే దారి ఉందా?"

ఇప్పుడున్న పద్ధతిలో ఇవ్వరు. వేరే దారి మాత్రం ఉంది, చాలామంది అనుకునేదానికన్నా బాగుంది. నేను ఖమ్మం నుంచి ఇలాంటి చిన్న ఛానలే నడుపుతున్నాను. సమావేశాలప్పుడు కుదిరితే ఢిల్లీ వెళ్తాను, లేకపోతే ఇంట్లో కూర్చునే చేస్తాను.

ముందు పాస్ సంగతి. లోక్‌సభ ప్రెస్ గ్యాలరీ స్పీకర్ చేతిలో ఉంటుంది. సలహాకు జర్నలిస్టులతో ఒక ప్రెస్ అడ్వైజరీ కమిటీ ఉంటుంది. రాజ్యసభకు ఛైర్మన్, మీడియా అడ్వైజరీ కమిటీ. మామూలుగా పీఐబీ (కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం) అక్రెడిటేషన్, అంటే విలేకరిగా అధికారిక గుర్తింపు, ఉన్నవాళ్లనే వీళ్లు చూస్తారు. 2022లో వచ్చిన కేంద్ర అక్రెడిటేషన్ మార్గదర్శకాల్లో డిజిటల్ వార్తాసంస్థలకు చోటిచ్చారు, కానీ అది సంస్థలకు. పూర్తికాలపు విలేకరికి కనీసం అయిదేళ్ల అనుభవం ఉండాలి, ఫ్రీలాన్సర్‌కైతే పదిహేనేళ్లు. ఆన్‌లైన్ వార్తలకూ వర్తించే 2021 ఐటీ రూల్స్ ప్రకారం సంస్థ తన వివరాలు కేంద్రానికి ఇచ్చి ఉండాలి. ఢిల్లీ పరిసరాల్లో నివాసం ఉండాలి. నెల్లూరులోనో నల్గొండలోనో ఒక్కడే కెమెరా పట్టుకుని, ఒక్కడే ఎడిటింగ్ చేసుకునే మనిషి ఇందులో ఏ గడిలోనూ పట్టడు.

ఇంకో సంగతి వీడియోలు చేసేవాళ్లు ఆలోచించరు. పాస్ వచ్చినా గ్యాలరీలోకి కెమెరా రానివ్వరు, అక్కడ కలం, కాగితమే. కెమెరావాళ్లు బయట ఆవరణలో నిలబడాల్సిందే. 2024 జులైలో కొత్త పార్లమెంటు భవనం మకర ద్వారం దగ్గర విలేకరులను ఒక అద్దాల గదికి పరిమితం చేస్తే పెద్ద గొడవైంది, రాహుల్ గాంధీ దాన్ని సభలోనే బోనుతో పోల్చారు. అంతకుముందు కరోనా పేరుతో గ్యాలరీలోకి వెళ్లేవాళ్ల సంఖ్య బాగా తగ్గించారు. 2021 డిసెంబరులో జర్నలిస్టులు ప్రెస్ క్లబ్ నుంచి నిరసనగా బయల్దేరింది అందుకే. పెద్ద పత్రికలవాళ్లకే గుమ్మం ఇరుకైన కాలం ఇది, మనల్ని పిలుస్తారని కూర్చుంటే లాభం లేదు.

అలాగని గ్యాలరీ అక్కర్లేదని నేననను. తెలుగువాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. 2014 ఫిబ్రవరి 18న రాష్ట్ర విభజన బిల్లు లోక్‌సభలో పాసవుతున్నప్పుడు టీవీలో లైవ్ ఆగిపోయింది. సాంకేతిక లోపమన్నారు. రెండు ప్రాంతాల జనం టీవీల ముందు కూర్చుని ఉంటే, లోపల ఏం జరిగిందో తెలిసింది విలేకరుల ద్వారా, బయటికొచ్చిన ఎంపీల ద్వారా. లైవ్ నడుస్తున్నప్పుడు కూడా కెమెరా ఎటు తిరగాలో సభవాళ్లే నిర్ణయిస్తారు. వెల్‌లో, అంటే స్పీకర్ కుర్చీ ముందున్న చోట, గొడవ జరుగుతుంటే తెరమీద స్పీకర్ ముఖం కనిపించడం మనం రోజూ చూసేదే. 2023 ఆగస్టులో అవిశ్వాస తీర్మానం మీద రాహుల్ గాంధీ 37 నిమిషాలు మాట్లాడితే ఆయన్ను చూపించింది 15 నిమిషాలు కూడా లేదని కాంగ్రెస్ ఆరోపించింది. పార్లమెంటు సొంత ఛానల్ సంసద్ టీవీనే నమ్ముకున్న మనలాంటివాళ్లం ఆ కెమెరా చూపించినదాన్నే చూడగలం. అందుకే నా వీడియోల్లో "సభలో ఇలా జరిగింది" అనను, "ప్రసారంలో కనిపించింది ఇది" అంటాను. కామెంట్లలో కొందరు వెక్కిరిస్తారు, వెక్కిరించనీ.

ఇక వేరే దారి. లోక్‌సభలో ప్రశ్నోత్తరాల రోజున స్టార్డ్ ప్రశ్నలు (మంత్రి నోటితో జవాబివ్వాల్సినవి) 20, అన్‌స్టార్డ్ (రాతపూర్వక జవాబు చాలేవి) 230 దాకా ఉంటాయి. రాజ్యసభలో 15, 160. నోటిమాటగా చర్చకొచ్చేవి నాలుగైదు. మిగతావన్నీ రాతపూర్వక జవాబులుగా ఆ మధ్యాహ్నానికే సంసద్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. గ్యాలరీలో ఉన్నవాళ్లకు గొడవ, వాకౌట్ రాయడానికే టైం చాలదు, ఈ జవాబుల జోలికి వెళ్లేవాళ్లు తక్కువ. నా ఛానల్‌కు బతుకుతెరువు అవే. సత్తుపల్లి దాకా వచ్చి ఆగిన భద్రాచలం రోడ్–కొవ్వూరు రైల్వే లైను మీద మంత్రి ఇచ్చిన జవాబును, పాత జవాబుల పక్కన పెట్టి చదివి వినిపించాను. ఏ ఎంపీ ప్రసంగానికీ రానంత స్పందన దానికొచ్చింది. గోదావరి అవతలివైపు నుంచి కూడా ఫోన్లు చేశారు. మీ జిల్లా పేరు, మీ ప్రాజెక్టు పేరు కొట్టి వెతకండి. స్థాయీ సంఘాల (శాఖల పనితీరు పరిశీలించే ఎంపీల కమిటీల) నివేదికలూ అక్కడే దొరుకుతాయి, వాటిలో అధికారులను అడిగిన ప్రశ్నలు సభలో అడిగినవాటికన్నా సూటిగా ఉంటాయి.

ఢిల్లీ వెళ్తే పార్లమెంటు గేటు దగ్గర ఎండలో నిలబడొద్దు. విజయ్ చౌక్‌లో ట్రైపాడ్ వేస్తే పోలీసులు కార్డు అడుగుతారు. ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కు మధ్యాహ్నం వెళ్లండి. ఎంపీలు కాకపోయినా వాళ్ల పీఏలు తగులుతారు, అసలు పని పీఏలతోనే. "ఏ ఛానలండీ?" అని అడిగి, పేరు చెప్పగానే చూపు తిప్పుకునేవాళ్లు ఉంటారు. వాళ్ల ఎంపీ వేసిన ప్రశ్న నంబరు మీరు చెప్పి చూడండి, మాట తీరు మారుతుంది. సౌత్ అవెన్యూ, నార్త్ అవెన్యూల్లోని ఎంపీల క్వార్టర్లలో పొద్దున్నే దొరికిన ఇంటర్వ్యూలు నాకు ఇంకెక్కడా దొరకలేదు. సభ చూడాలనుంటే ఎంపీ సిఫారసుతో విజిటర్స్ గ్యాలరీ పాస్ తీసుకోవచ్చు. ఫోన్ బయటే వదలాలి, కాసేపు కూర్చోనిచ్చి పంపేస్తారు. 2023 డిసెంబరు 13న గ్యాలరీలోంచి ఇద్దరు దూకి పొగ డబ్బాలు వదిలాక తనిఖీలు మరీ ఎక్కువయ్యాయి.

చట్టం విషయంలో రెండు జాగ్రత్తలు. స్పీకర్ రికార్డుల నుంచి తొలగించిన మాటలను ప్రచురిస్తే సభాహక్కుల ఉల్లంఘన కిందికి రావచ్చు, పాట్నా పత్రిక సెర్చ్‌లైట్ తొలగించిన ప్రసంగం వేసిన 1958 కేసులో సుప్రీంకోర్టు సభ పక్షానే నిలిచింది. లైవ్‌లో విన్నదాన్ని వెంటనే క్లిప్ చేసి పెట్టకండి, సాయంత్రం దాకా ఆగి, సభ విడుదల చేసే చర్చల పాఠంతో సరిచూసుకోండి. రాజ్యాంగంలోని 361ఎ అధికరణం చట్టసభల వార్తలను దురుద్దేశం లేకుండా, ఉన్నదున్నట్టు ఇచ్చేవారికి రక్షణ ఇస్తుంది. కానీ 1978లో చేర్చిన ఆ మాటల్లో ఉన్నవి పత్రికలు, రేడియో తరహా ప్రసారాలు. యూట్యూబ్‌కు అది వర్తిస్తుందని మీ అంతట మీరే తీర్మానించుకోవద్దు. మన దగ్గర పెద్ద పత్రికలనే సభలు వదల్లేదు. శాసనమండలి గొడవ మీద 1983లో పెట్టిన ఒక శీర్షికకు ఈనాడు సంపాదకుడు రామోజీరావు మీద సభాహక్కుల వ్యవహారం నడిచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

రెండోది కాపీరైట్. వార్తాసంస్థల ఫుటేజీ కొన్ని సెకన్లే కదా అని వాడకండి. 2025 మేలో మోహక్ మంగళ్ అనే యూట్యూబర్, వార్తాసంస్థ ఏఎన్ఐ కాపీరైట్ స్ట్రైకులు (యూట్యూబ్‌కు చేసే ఉల్లంఘన ఫిర్యాదులు) వేసి లక్షల్లో డబ్బు అడుగుతోందని బయటపెట్టాడు. తన హక్కులు కాపాడుకుంటున్నానని ఆ సంస్థ అంది, విషయం ఢిల్లీ హైకోర్టుకు చేరింది. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానలే పోతుంది. నేను తెరమీద జవాబు కాగితం చూపిస్తూ మాట్లాడతాను, నా ముఖం, ఆ పీడీఎఫ్, అంతే.

పాస్ కావాలని నిజంగా పట్టుదల ఉంటే ఒంటరి ఛానల్‌గా కాకుండా, మీలాంటివాళ్లు ముగ్గురు నలుగురు కలిసి ఒక సంస్థగా రిజిస్టర్ చేసుకుని, ఐటీ రూల్స్ వివరాలు సమర్పించి, ఢిల్లీలో ఒకరిని ఉంచండి. నియామక పత్రాలు, జీతం లెక్కలు ఇప్పటినుంచే దాచుకోండి, అయిదేళ్ల అనుభవం చూపించాల్సి వచ్చినప్పుడు అడిగేది వాటినే.