తోడు దగ్గర మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

బ్యాక్టీరియా రోగనిరోధక శక్తి మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. మొదటి వాక్యంలోనే ‘క్రిస్పర్ అనే కత్తెర’ అన్నావు. కోసేవి క్యాస్ ప్రోటీన్లు. క్రిస్పర్ అనేది బ్యాక్టీరియా తన డీఎన్‌ఏలో దాచుకున్న పాత శత్రువుల (వైరస్‌ల) చిట్టా మాత్రమే. ముందు ఆ తేడా సరిచెయ్యి.

1987లో ఒసాకాలో ఈ. కోలై అనే పేగు బ్యాక్టీరియా డీఎన్‌ఏలో ఈ చిట్టా వరుస కనబడిందన్నది ఒక్క వాక్యంలో తేల్చెయ్యి. అసలు సరుకు పెరుగు తోడులో ఉంది. తోడులోని స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ అనే బ్యాక్టీరియాకు, బ్యాక్టీరియా మీద దాడిచేసే ఫాజ్ వైరస్ సోకితే ఫ్యాక్టరీలో పాలు సరిగా తోడుకోవు. 2007లో డానిస్కో కంపెనీ శాస్త్రవేత్తలు బరాంగూ, హోర్వాత్ బృందం ఫాజ్ దాడికి తట్టుకున్న కణాలను చూస్తే, చిట్టాలో ఆ ఫాజ్ డీఎన్‌ఏ ముక్కలు కొత్తగా చేరి ఉన్నాయి. ముక్క తీసేస్తే రక్షణ పోయింది, పెడితే వచ్చింది. రుజువంతా అందులోనే ఉంది. నువ్వు వదిలేసిందీ అదే!

చిట్టా రాసేవి క్యాస్1, క్యాస్2 అనే ప్రోటీన్లు. చొరబడిన డీఎన్‌ఏ నుంచి ఈ. కోలైలో అయితే సుమారు 32 డీఎన్‌ఏ అక్షరాల (ఎ, టి, జి, సి) ముక్క తీసుకుని, చిట్టా మొదట్లో ‘లీడర్’ అనే భాగం ఉన్న కొసన అతికిస్తాయి. అందుకే కొత్త శత్రువు ముందు, పాతవాడు వెనక. తర్వాత ఆ వరుస ఆర్‌ఎన్‌ఏగా మారి, ముక్కలై, కోసే ప్రోటీన్‌కు ఆనవాలు చూపుతుంది.

ఇక్కడ పాఠకుడు అడుగుతాడు: అవే అక్షరాలు సొంత చిట్టాలోనూ ఉన్నాయిగా, దాన్నే కోసుకోదా? జవాబు ‘పామ్’ అనే గుర్తు. స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్ అనే బ్యాక్టీరియాలోని కోసే ప్రోటీన్ క్యాస్9కు అది ఏదో ఒక అక్షరం, వెంట రెండు ‘జి’లు. వైరస్ డీఎన్‌ఏలో ఆ ముక్క పక్కన అది ఉంటుంది, చిట్టాలో ఉండదు. ఆ గుర్తులో ఒక్క ‘జి’ మారినా వైరస్ తప్పించుకోగలదు. ఒకే వైరస్ మీద రెండు మూడు ముక్కలు దాచుకోవడం ఎందుకు లాభమో ఇక నువ్వే చెప్పగలవు.

‘బ్యాక్టీరియా నేర్చుకుంది’ అని రాసేముందు ఆగు. చాలా కణాలు చచ్చిపోతాయి. సమయానికి ముక్క దక్కించుకున్న అరుదైన కణమే బతికి, దాన్ని సంతానానికి ఇస్తుంది.

ఇంకొకటి: ‘బ్యాక్టీరియాలన్నిటికీ’ అన్న మాట కొట్టెయ్యి. జన్యుక్రమం తెలిసిన బ్యాక్టీరియాలో సగం కంటే తక్కువ వాటికే క్రిస్పర్ ఉంది. మిగిలినవి ఎలా నెగ్గుకొస్తున్నాయో పరాయి డీఎన్‌ఏను కోసే రెస్ట్రిక్షన్ ఎంజైముల గురించి చదివి, ఒక పేరా చేర్చి పంపు.