బ్రౌజర్‌లో బాగానే కనిపిస్తోంది, మరి ఈ తప్పులేంటి?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ మొదటి ఏడాది చదువుతోంది. సరదాగా పక్షుల ఫొటోలతో ఒక వెబ్‌సైట్ చేసుకుంటోంది. మామూలు నోట్‌ప్యాడ్‌లోనే హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలు రాసే భాష) రాస్తుంది. ఈమధ్య ఎవరో ఆ పేజీని కోడ్‌లో తప్పులు పట్టే చెకర్‌లో పెట్టి చూస్తే బోలెడు తప్పులు చూపించిందట, అప్పట్నుంచీ డీలా పడిపోయింది. పేజీ మాత్రం బ్రౌజర్‌లో శుభ్రంగా కనిపిస్తోంది. డబ్బు పెట్టి మంచి సాఫ్ట్‌వేర్ ఏదైనా కొనివ్వాలా? అసలు ఈ సరదా రేపు ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: ఏమీ కొనకండి. ఈ పనికి కావలసినవన్నీ ఉచితంగానే దొరుకుతాయి. నోట్‌ప్యాడ్‌తో మొదలుపెట్టడం తప్పేమీ కాదు గానీ, కొటేషన్ మార్కు మూయడం మర్చిపోయినా అది చెప్పదు. మైక్రోసాఫ్ట్ వాళ్ల వీఎస్ కోడ్ అనే ఎడిటర్ గానీ, విండోస్ మీద 2003 నుంచీ నడుస్తున్న నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ గానీ వేసుకుంటే, అలాంటి తప్పు చేసిన చోటి నుంచి కోడ్ రంగు మారిపోయి ఇట్టే కంటపడుతుంది. వీఎస్ కోడ్‌లో ఖాళీ హెచ్‌టీఎంఎల్ ఫైలు తెరిచి, ఆశ్చర్యార్థక గుర్తు కొట్టి ట్యాబ్ నొక్కితే పేజీ అస్థిపంజరమంతా వచ్చేస్తుంది. అయితే అందులో పేజీ భాష ఇంగ్లిష్ అని ఉంటుంది. మీ అమ్మాయి తెలుగులో రాస్తుంటే అక్కడ తెలుగు కోడ్ 'టీఈ' అని మార్చమనండి. లేదంటే చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ తెలుగును ఇంగ్లిష్ గొంతుతో చదవబోతుంది.

ఇక ఆ చెకర్ సంగతి. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ నడిపే వ్యాలిడేటర్ అనే చెకర్‌లో పేజీ అడ్రస్ ఇవ్వొచ్చు, ఫైలు ఎక్కించొచ్చు, కోడ్ నేరుగా అతికించొచ్చు. బ్రౌజర్‌లో బాగున్న పేజీకి అది ఎర్రజెండా ఊపడం మామూలే. తప్పుగా రాసిన పేజీని ఎలా సర్దుకుని చూపించాలో హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలోనే రాసి ఉంది, బ్రౌజర్ ఆ ప్రకారం సర్దేస్తుంది. కాకపోతే అది సర్దిన తీరు, మీ అమ్మాయి అనుకున్న తీరు ఒకటే కావాలని లేదు.

ఒక ఉదాహరణ చూడండి. పక్షి గురించి ఒక పేరా, అంటే పి ట్యాగ్ (ట్యాగ్ అంటే కోడ్‌లో ఒక్కో భాగం మొదలు, ముగింపు చెప్పే గుర్తు), తెరిచి దాని మధ్యలో ఫొటో కోసం ఒక డివ్ (పేజీలో ఒక డబ్బా లాంటి భాగాన్ని చేసే ట్యాగ్) పెట్టింది అనుకుందాం. పేరాలో డివ్ ఉండకూడదు. కాబట్టి డివ్ కనబడగానే బ్రౌజర్ పేరాను తనంతట తానే మూసేస్తుంది. చివర్లో ఆమె రాసిన ముగింపు ట్యాగ్‌కు జత లేకుండా పోతుంది. దానికోసం బ్రౌజర్ ఖాళీ పేరా ఒకటి పుట్టిస్తుంది. ఫొటో కింద ఎక్కడిదో తెలియని ఖాళీ జాగా వస్తే కారణం ఇదీ కావచ్చు. వ్యాలిడేటర్ మాత్రం 'తెరిచిన పి లేదు, ముగింపు పి ఉంది' అన్న అర్థంలో ఆ చివరి లైనును చూపిస్తుంది. అసలు తప్పు పైనెక్కడో డివ్ దగ్గర ఉంది. కొత్తవాళ్లు బెంబేలెత్తేది ఇక్కడే. చెకర్ వేలు పెట్టిన చోట కాక, అక్కడి నుంచి పైకి వెతకడం నేర్చుకోవాలి. అందుకే జాబితాలో మొదటి తప్పు ఒక్కటే దిద్ది మళ్లీ చెక్ చేయమనండి. చాలాసార్లు కింది తప్పుల్లో కొన్ని వాటంతటవే పోతాయి.

బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కితే వచ్చే డెవలపర్ టూల్స్ వాడేటప్పుడు ఒక జాగ్రత్త. అందులో ఎలిమెంట్స్ అనే భాగంలో కనిపించేది బ్రౌజర్ సర్దేసిన తర్వాతి రూపం. ఆమె రాసింది రాసినట్టు చూడాలంటే కంట్రోల్ యు నొక్కాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే బ్రౌజర్ ఏం మార్చిందో తెలిసిపోతుంది.

తప్పులు సున్నా వచ్చాయని మురిసిపోనక్కర్లేదు కూడా. ఫొటోకి ఆల్ట్ టెక్స్ట్ (ఫొటో చూడలేనివాళ్లకు అందులో ఏముందో చెప్పే మాటలు) లేకపోతే వ్యాలిడేటర్ పట్టుకుంటుంది. 'ఫొటో' అని ఒక్క ముక్క రాసి పడేస్తే మాత్రం సరేనంటుంది. అది ఏ పక్షో, ఏం చేస్తోందో రాయాల్సింది మనిషే. క్రోమ్‌లోని లైట్‌హౌస్, విడిగా దొరికే వేవ్ లాంటి చెకర్లు ఇంకొన్ని లోపాలు చూపిస్తాయి గానీ అవీ మనిషికి ప్రత్యామ్నాయం కాదు. ఫైలు పేర్లన్నీ చిన్న అక్షరాల్లో పెట్టుకోమనండి. విండోస్‌లో కనిపించిన ఫొటో లైనక్స్ సర్వర్‌లోకి ఎక్కించగానే మాయమైతే, తరచూ విండోస్ పట్టించుకోని, లైనక్స్ పట్టించుకునే పెద్ద, చిన్న ఇంగ్లిష్ అక్షరాల తేడాయే కారణం.

ఉద్యోగం మాటకొస్తే, హెచ్‌టీఎంఎల్ ఒక్కటే వస్తే ఎవరూ తీసుకోరు. పేజీకి రూపం దిద్దే సీఎస్ఎస్, పేజీని పనిచేయించే జావాస్క్రిప్ట్, కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే గిట్ కూడా కావాలి. అయితే ఎర్రర్ మెసేజ్ చదివి అసలు కారణం దాకా వెళ్లే అలవాటు ఫ్రంట్‌ఎండ్‌కీ (వాడేవాళ్లకు కనిపించే పేజీ తయారీ), టెస్టింగ్‌కీ, యాక్సెసిబిలిటీ (వికలాంగులు కూడా వాడగలిగేలా చేయడం) పనులకీ కావలసిందే. అది ఇంత చవగ్గా అలవడే చోటు నాకు వేరే తెలియదు. ఏఐతో కోడ్ రాయించుకున్నా తప్పొప్పులు చూసుకోక తప్పదు కదా. సైటును గిట్‌హబ్‌లో (గిట్ కోడ్‌ను ఆన్‌లైన్‌లో పెట్టుకునే చోటు) పెట్టి, ఒక్కో తప్పు దిద్దినప్పుడు ఏం దిద్దిందో ఒక వాక్యంలో రాసి కమిట్ చేయమనండి, అంటే ఆ మార్పును గిట్‌లో నమోదు చేయమనండి. రెజ్యూమేలో 'హెచ్‌టీఎంఎల్ వచ్చు' అనే బదులు ఆ లింకు ఇస్తే చాలు.