ఆఫీసులో వేడినీళ్లు తప్ప ఏమీ లేనప్పుడు చవగ్గా జావ పొడి ఎలా చేసుకోవాలి?

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి: ఆఫీసులో స్టవ్, ఒవెన్ లేవు, డిస్పెన్సర్‌లో వేడినీళ్లు మాత్రం వస్తాయి; ఓట్స్ సాచెట్లు రోజూ కొనడం గిట్టుబాటు కావడం లేదు; రాగి పిండి వేయించి తీసుకెళ్లి కలుపుకుంటే పచ్చివాసన వస్తోంది. నేనూ షిఫ్టు డ్యూటీ వాణ్ణే, చాలాకాలంగా పొద్దుటి టిఫిను డెస్క్ దగ్గరే కానిస్తున్నాను, కాబట్టి చెప్పగలను.

ముందు పచ్చివాసన సంగతి. మీరు తక్కువ వేయించారని కాదు. పిండి ఉడకాలంటే వేడితో పాటు నీళ్లు కావాలి, కాసేపు పొయ్యి మీద ఉండాలి. పొడి మూకుట్లో ఎంత వేయించినా కమ్మటి వాసన వస్తుంది తప్ప పిండి ఉడకదు. డిస్పెన్సర్ నీళ్లు సలసల మరిగేవి కావు, గ్లాసులో పడేసరికి ఇంకాస్త చల్లారతాయి. అందుకే పిండి జోలికి పోకుండా, ముందే ఉడుకు చూసిన గింజతో మొదలుపెట్టండి. అలాంటివి మన కిరాణా కొట్లో ఎప్పటినుంచో ఉన్నాయి. అటుకులు వడ్లను నానబెట్టి, వేయించి, దంచినవి. బొరుగులు, అదే మరమరాలు, ఉప్పుడు బియ్యాన్ని కాలే ఇసుకలో పొంగించినవి. జొన్న పేలాలు, పుట్నాలు కూడా ఆ కోవలోవే. అంగన్‌వాడీల్లో పిల్లలకిచ్చే బాలామృతం చూడండి, వేయించిన గోధుమలు, శనగలు, పాలపొడి, చక్కెర, నూనె. అదీ దాదాపు ఇదే దారి.

తీపి పొడి ఇలా చేస్తాను. పల్చటి అటుకులు అరకిలో, పుట్నాలు 150 గ్రాములు, పాలపొడి 150, పంచదార 100, నాలుగు యాలకులు, చిటికెడు ఉప్పు. అటుకుల్ని సన్నమంట మీద కదుపుతూ ఉండాలి. రంగు మారక్కర్లేదు. వేళ్ల మధ్య నలిపితే వంగకుండా పుటుక్కున విరగాలి, అంతే. పుట్నాలు కూడా ఓసారి వెచ్చబెట్టి, రెండూ పూర్తిగా చల్లారాక మిక్సీలో వేయండి. వేడిగా ఉండగానే మిక్సీ పడితే జార్‌లో ఆవిరి చేరి పొడి నాలుగు రోజులకే ముక్కవాసన వస్తుంది. ఇంకో మాట, మెత్తగా పట్టకండి, సన్న రవ్వలా ఉండాలి. మెత్తటి పొడి మీద వేడినీళ్లు పోస్తే పైపొర అంటుకుపోయి లోపల పొడి ఉండలు మిగులుతాయి. పంచదార, పాలపొడి అందులో బాగా కలిసి ఉంటే ఆ బాధ ఇంకా తగ్గుతుంది. బెల్లం నాకూ ఇష్టమే గానీ ఈ పొడిలో వేయను. తేమ లాగి ముద్ద కడుతుంది, పైగా వేడికి పాలు విరిగే అవకాశం ఉంది.

మా వీధి కొట్టు ధరల్లో దీనికి నూటపాతిక దాకా అవుతుంది, 50 గ్రాముల లెక్కన 18 గ్లాసులు వస్తాయి. అంటే గ్లాసు ఏడు రూపాయలు. అందులో సగానికి పైగా పాలపొడి ఖర్చే. అది తీసేస్తే దాదాపు నాలుగు రూపాయలే. పుట్నాలు మాత్రం తగ్గించకండి, అవి లేకపోతే పదకొండు కొట్టేసరికి కడుపులో ఎలుకలు పరిగెడతాయి.

నాకసలు ఉప్పుదే ఎక్కువ నచ్చుతుంది. మాది అనంతపురం, ఉగ్గాణి, అదే బొరుగుల ఉప్మా, తిని పెరిగినవాళ్లం. బొరుగులు జల్లించి (అడుగున ఇసుక కనబడుతుంది, ఈ పని మానకండి), అటుకులతో సమానంగా కలిపి బరకగా పట్టండి. పప్పుల పొడి, అంటే పుట్నాలు, ఎండుమిర్చి, ఉప్పు కలిపి దంచింది, ధారాళంగా వేయండి. పోపుకు చెంచాడు నూనె చాలు: ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, ఇంగువ, కరివేపాకు. ఆకు గలగలలాడేదాకా వేగాలి. దాంట్లో తడి మిగిలితే డబ్బా మొత్తం బూజు పడుతుంది. పసుపు వేసి దించి, పొడిలో కలిపేయండి. నూనె ఉంది కాబట్టి ఇది రెండు మూడు వారాలకు మించి నిలవ పెట్టకండి, ముక్కిపోయిన నూనె వాసన వస్తుంది. తినేటప్పుడు పైన నిమ్మచెక్క పిండుకుంటే ఆ రుచే వేరు.

కలుపుకోవడానికి పేపర్ కప్పు చాలదు, మూత ఉన్న స్టీలు గ్లాసు పెట్టుకోండి. నాలుగైదు పెద్ద చెంచాల పొడి, ఒక గ్లాసు వేడినీళ్లు. ముందు కొద్దిగా పోసి కలిపి, తర్వాత మిగతావి పోసి, అయిదు నిమిషాలు మూతపెట్టి వదిలేయండి. మూత తీసి మళ్లీ కలిపితే అనుకున్నదానికంటే చిక్కగా ఉంటుంది, అప్పుడు నీళ్లు సరిచూసుకోండి.

రాగులే కావాలంటారా? తప్పేం లేదు. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. అయితే దానికి ఎండాకాలం కావాలి. రాగి జావను చిక్కగా, పచ్చివాసన పూర్తిగా పోయేదాకా ఉడికించి, వడియాలు పెట్టినట్టే షీటు మీద పల్చగా పరిచి ఎండబెట్టండి. పెళుసుగా విరిగేలా ఎండాక రవ్వగా పట్టుకుంటే నిజంగానే వేడినీళ్లకు జావ అయిపోతుంది. మబ్బు రోజుల్లో పెట్టుకోకండి, ఎండేలోపే పులిసిపోతుంది. మొలకెత్తిన రాగుల పిండి సరాసరి వేడినీళ్లలో కలుపుకోవచ్చని చాలామంది చెబుతారు. నేనైతే ఒప్పుకోను. మొలకకు కావలసిన తడి, వెచ్చదనం సూక్ష్మజీవులకీ కావాలి, ఆ పిండిని పొయ్యి మీద ఉడికించే తాగాలి.

ఓట్స్ వదల్లేకపోతే సాచెట్లు మానేసి విడి ఓట్స్ కిలో ప్యాకెట్ కొనండి, పై పోపు దానికీ పనికొస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం అటుకుల పొడి త్వరగా అరిగి షుగర్‌ను పెంచేస్తుందని గుర్తుంచుకోవాలి. ఉప్పుది చేసుకుని అందులో పుట్నాల వంతు పెంచుకోవడం మేలు.

డబ్బా మొత్తం ఆఫీసుకి మోయకండి. వారానికి సరిపడా చిన్న సీసాలో, తడి లేని చెంచాతో సహా డ్రాయర్లో పెట్టుకోండి. పక్క సీటువాళ్లు ఓసారి రుచి చూశారంటే ఆ లెక్క కూడా మీరే వేసుకోవాలి.