మాడు మీద చెయ్యి పెట్టాకే మిషన్ దగ్గరికి పో

అమ్మాయ్,

పసిబిడ్డల న్యూరాలజీ చేస్తా, రీసెర్చ్ కూడా చేస్తా అని మొన్న నువ్వు ఫోన్లో చెప్పిన కాడ్నించి మనసు ఒకచోట లేదు, సంతోషమే అనుకో, కానీ నెల్లూరు పొగతోటలో ఇన్నేళ్ళు పిలకాయల్ని చూసినదాన్ని, నాలుగు మాటలు చెప్పకపోతే నిద్రపట్టేట్టు లేదు. మీ అమ్మకి చూపించబాక, పిల్లని భయపెడతన్నావని నాతో గొడవ పెట్టుకుంటది.

బిడ్డ రాంగానే స్కాన్, ఈఈజీ (మెదడులో కరెంటు చూసే పరీక్ష) అని పరిగెత్తబాక. బట్టలు తీసి వార్మర్ కింద ఐదు నిమిషాలు ఊరికే చూడు, కాళ్ళూ చేతులూ ఎట్టా ముడుచుకోనుంది, ఏడుపు ఎట్టుంది, రెండు పక్కలా ఒకే మాదిరి కదలతా ఉందా. తర్వాత మాడు మీద చెయ్యి పెట్టు. తలకి అల్ట్రాసౌండ్ చేసేది కూడా ఆ మెత్తటి చోటు నుంచే కదా, మన అవ్వలకి అది మనకంటే ముందే తెలుసు. నెల తక్కువ పుట్టి డిశ్చార్జ్ అయిన ఒక బిడ్డని పొదిలి నుంచి వాళ్ళ అవ్వ ఎత్తుకొచ్చి, ఆముదం పెడతంటే మాడు బిగువుగా తగులతా ఉందమ్మా అనింది, నేను ఓపీ రష్‌లో బానే ఉందిలే అని పంపించేశా, వారం తర్వాత టేపు పెడితే తల చుట్టుకొలత రెండు సెంటీమీటర్లు పెరిగింది. మామూలుగా అది నెలకి పెరగాల్సిన లెక్క, తల లోపల ఒత్తిడి పెరిగితే మాడు అట్టా బిగుస్తది. ఆ అవ్వ మొహం ఇప్పటికీ గుర్తే.

ఇంక రీసెర్చ్. పుట్టంగానే ఏడవక, ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిన్న బిడ్డని 6 గంటల్లోపు 33.5 డిగ్రీలకి చల్లబరిచి 72 గంటలు అట్టనే ఉంచితే మేలని ఇంగ్లండు, అమెరికా ట్రయల్స్ చెప్పినయ్, మేమూ నమ్మి చేశాం. 2021లో హెలిక్స్ ట్రయల్ వచ్చింది, ఇండియా, శ్రీలంక, బంగ్లాదేశ్‌లో 408 మంది బిడ్డలు, మంచి మిషన్లతో పద్ధతిగా చేసిందే. చల్లబరిచినోళ్ళలో 42 శాతం చనిపోయారు, చల్లబరచనోళ్ళలో 31. చదివిన రోజు అన్నం సయించలా నాకు, మేం చల్లబరిచిన బిడ్డలంతా కళ్ళ ముందుకొచ్చారు. దాని మీద ఇంకా వాదనలు నడస్తానే ఉండాయి, నువ్వూ చదువుకుని నీ అభిప్రాయం నువ్వు తేల్చుకో. నాకైతే అర్థమయింది ఒకటే, మన బిడ్డల్లో చాలామందికి దెబ్బ కాన్పు అయ్యే నిమిషంలో కాదు, అంతకు గంటల ముందు నుంచే నిదానంగా తగలతా వచ్చినట్టుంది, అట్టాంటప్పుడు పుట్టినాక మొదలుపెట్టే 6 గంటల లెక్క ఏం పనికొస్తది చెప్పు. అందుకే కేస్ షీట్లో నొప్పులు ఎన్నింటికి మొదలైనయ్, నొప్పులు రావటానికి ఇంజక్షన్లు ఎన్ని పడ్డయ్, ఉదయగిరి కొండల కాడ నుంచి అంబులెన్స్ ఎన్నింటికి బయల్దేరింది, ఇవన్నీ నువ్వే అడిగి రాయి. నీ థీసిస్ ప్రశ్న అందులోనే దొరకద్ది, ఎవరో ఇచ్చిన ఐడియా ఎత్తుకోబాక.

కడుపులో బిడ్డ స్కాన్ రిపోర్టులు పట్టుకుని కూడా వస్తారు నీ దగ్గరికి. మెదడు లోపల నీళ్ళుండే గదులు 10 మిల్లీమీటర్లు దాటితే చాలు, ఎవరో ఒకరు తలలో నీళ్ళు అనేస్తారు, ఆ మాట విన్న తల్లి ఇంకేం వినదు. చీమకుర్తి నుంచి ఒక జంట అట్టనే ఏడ్చుకుంటా వచ్చారు, 11 ఉంది, వేరే లోపం ఏం లేదు. 10 నుంచి 12 మధ్య ఉండి మిగతావన్నీ బాగుంటే ఎక్కువమంది పిలకాయలు బానే పెరగతారు. కానీ బాగుందని కూడా తొందరపడి చెప్పొద్దు, ఇన్ఫెక్షన్ టెస్టులు, జన్యు పరీక్ష, అవసరమైతే ఎమ్మారై చూసి, కొన్ని వారాలకి మళ్ళీ స్కాన్ చేసి అప్పుడు చెప్పు. కుర్చీలో కూర్చోబెట్టి చెప్పు, అత్తగారిని కూడా పిలిచి చెప్పు, లేకపోతే ఇంటికిపోయినాక నీ మాట మారిపోద్ది.

ఫాలోఅప్ గురించి ఒకటి. రొయ్యల గుంటల పనికి పోయినోళ్ళు ఫోన్ నంబర్లు మార్చేస్తారు, అందుకని అమ్మమ్మది, ఆశా వర్కర్‌ది కూడా రాసిపెట్టుకో. మూడు నెలలు నిండినాక బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టి, ఆడుకునే వస్తువులేవీ ఇయ్యకుండా, ఏడవకుండా మేలుకోనున్నప్పుడు మూడు నాలుగు నిమిషాలు సెల్లులో వీడియో తీయమను. ఆ వయసులో ఒళ్ళంతా చిన్న చిన్నగా అన్ని వైపులా ఆడే కదలికలు ఉండాల, లేకపోతే సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బ వల్ల కాళ్ళూ చేతులూ సరిగ్గా కదలకపోవటం) రావచ్చని ముందే అనుమానించి ఫిజియో మొదలుపెట్టొచ్చు. ఖర్చు సున్నా. పెద్ద మిషన్లు కొన్నోళ్ళు చాలామంది ఇది చెయ్యరు, ఎందుకో నాకర్థం కాదు.

సంక్రాంతికి వస్తావు కదా, నా నోటుబుక్కులు అటక మీద ఉండాయి, పిలకాయల పేర్లన్నీ ఇంకుతో కొట్టేసి పెడతా, చెదలు పట్టకముందే తీసుకుపో.

మీ పెద్దమ్మ