చార్టర్ విమానంలో ప్యాకేజీ టూర్‌కి వెళ్తే ఎలా ఉంటుంది? మామూలు ఫ్లైట్‌కీ దానికీ తేడా తెలుస్తుందా?

విమానం గాల్లో ఉన్నంతసేపు ఏ తేడా తెలియదండి. అదే బెల్టు, అదే ఇరుకు, వెనక సీట్లో అదే ఏడ్చే పసిబిడ్డ. తేడా అంతా రావలసిన విమానం రానప్పుడు తెలుస్తుంది. అసలు ఆ సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను. కాళ్ళు పెట్టుకోవడానికి చోటుంటుందా, తిండి పెడతారా అనేవి గుర్తుంటే చివర్లో చెప్తాను.

మేం బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటాం. కిందటేడు పిల్లాడి సెలవుల్లో అమ్మ, మా ఆవిడ, మదనపల్లె నుంచి బాబాయ్, పిన్ని, అందరం కలిసి వియత్నాంలో ఫు క్వాక్ అనే దీవికి వెళ్ళాం. ప్యాకేజీ కనిపెట్టింది బాబాయే. ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యాడు. టైమ్‌టేబుల్ అన్నా, తక్కువ రేటు అన్నా ప్రాణం పెడతాడు. "ఒరేయ్, మామూలు టికెట్టు కొంటే బ్యాంకాక్‌లోనో ఇంకెక్కడో దిగి మారాల. దీంట్లో ఈడ ఎక్కితే ఆడ దిగడమే. వీసా కూడా అక్కర్లేదంట" అన్నాడు. అది నిజమే. నేరుగా ఆ దీవిలో దిగి, 30 రోజుల్లోపు అక్కడే ఉండి తిరిగొచ్చేవాళ్ళకు వియత్నాం వీసా అడగదు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మకు మధ్యలో విమానం మారే పని లేకపోవడం నాకూ నచ్చింది. కాబట్టి చార్టర్ అనగానే మూతి తిప్పుకునే బాపతు కాదు నేను.

అసలు చార్టర్ అంటే ఏర్పాటు ఎలా ఉంటుందంటే, టూర్ కంపెనీ విమానం మొత్తాన్ని మాట్లాడుకుంటుంది. సీట్లు నిండినా నిండకపోయినా వాళ్ళు డబ్బు కట్టాల్సిందే. ఆ సీట్లను హోటల్‌తో, టిఫిన్‌తో కలిపి మనకు అమ్ముతారు. కొన్నిటిని చిన్న ఏజెంట్లకు పంచుతారు. మాకు అమ్మినవాడు మూడో చెయ్యి అని తర్వాత తెలిసింది. బాబాయ్ దీన్ని ఒక్క ముక్కలో తేల్చేశాడు: "పెళ్ళికి మాట్లాడిన బస్సురా ఇది. ఓనరెవరో పెళ్ళివారికి తెలుసు, ఎక్కినోళ్ళకి తెలీదు."

మా విమానం తోక మీద ఏ పేరూ లేదు, తెల్లగా ఉంది. సీటు ముందు జేబులో ఉన్న భద్రతా కార్డు మీద ఒక కంపెనీ పేరు, తల ఆనించే గుడ్డ మీద ఇంకో పేరు. విమానాన్ని సిబ్బందితో సహా ఒక కంపెనీ దగ్గర్నుంచి ఇంకో కంపెనీ అద్దెకు తీసుకోవడం ఈ రంగంలో మామూలే, దాన్ని వెట్ లీజ్ అంటారు. అందులో తప్పేం లేదు. కానీ టికెట్టు కొనేటప్పుడు "ఏ ఎయిర్‌లైన్ సార్?" అని అడిగితే మా ఏజెంటు "గుడ్ ఎయిర్‌లైన్ సార్" అన్నాడు. బెంగళూరులో ప్యాకేజీలు అమ్మే ఏజెంట్లలో సగం మందికి తాము అమ్ముతున్న విమానం ఎవరిదో తెలియదు. ఇది బల్లగుద్ది చెప్తాను.

ఇంకో చికాకు. మాకు ఆన్‌లైన్ చెక్-ఇన్ లేదు. పేర్ల జాబితా ఒకటి కౌంటర్‌కి పంపిస్తారు, అది ఇంటిపేర్ల వరసలో ఉంటుంది. మా ఆవిడ పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంది. మన ఇళ్ళల్లో అది కొత్తేమీ కాదు. దాంతో నేనూ పిల్లాడూ ముందు వరసల్లో, తను బాత్రూం పక్కన. కౌంటర్ అమ్మాయిని అడిగితే "లిస్టులో ఫ్యామిలీ అని రాయలేదు సార్" అంది. ఫ్యామిలీ అని లిస్టులో రాయించుకోవాలని నాకెవరు చెప్పారు?

సరే, వెళ్ళడం బాగానే వెళ్ళాం. దీవి బాగుంది. పక్కనున్న హోన్ థామ్ అనే చిన్న దీవికి సముద్రం మీదుగా దాదాపు 8 కిలోమీటర్ల కేబుల్ కారు ఉంది, 2018లో మొదలుపెట్టారు, ఎక్కి తీరాలి. ఆ ఊరు చేపల సాస్‌కి పేరుమోసింది. శాకాహారి అయిన మా పిన్ని మాత్రం ఆ వాసనకు ఉన్నన్నాళ్ళూ ముక్కు మూసుకునే తిరిగింది.

ఇక తిరుగు ప్రయాణం. హోటల్ గది మధ్యాహ్నం 12కి ఖాళీ చేయాలి. విమానం అర్ధరాత్రి. సాయంత్రం బస్సు తెచ్చి ఎయిర్‌పోర్టులో దింపింది. గైడు చేతులూపి, ఫొటో తీసుకుని వెళ్ళిపోయాడు. చీకటి పడింది, మా కౌంటర్ తెరవలేదు. బోర్డు మీద మా విమానం పేరు లేదు. ఇంతలో వాట్సాప్ గ్రూపులో మెసేజ్: ఫ్లైట్ ఆలస్యం, కొత్త టైం 2.30. అంతే. ఆ రెండున్నర ఎవరి రెండున్నర? వియత్నాం టైం మనకంటే గంటన్నర ముందు. పంపినవాడు బెంగళూరులో కూర్చుని పంపాడు. గ్రూపులో అందరూ అదే అడిగారు. జవాబుగా రెండు చేతులు జోడించిన బొమ్మ వచ్చింది.

ఏ విమానం ఎక్కడుందో చూపించే ఫ్లైట్‌రాడార్ 24 యాప్‌ని నేను ఫోన్‌లో తీసి చూశాను. మా కోసం రావలసిన విమానం ఇంకా దేవనహళ్లిలో, అంటే బెంగళూరు ఎయిర్‌పోర్టులో, నేల మీదే ఉంది. అసలు కిటుకు ఇక్కడుంది. ఇలాంటి చార్టర్లు గొలుసుకట్టుగా నడుస్తాయి. అక్కణ్ణుంచి కొత్త బ్యాచ్‌ని తెచ్చి దింపి, అదే విమానంలో పాత బ్యాచ్‌ని ఎక్కించుకుపోతారు. సీజన్‌లో మొదటి విమానం తిరిగి వెళ్ళేటప్పుడు, ఆఖరి విమానం వచ్చేటప్పుడు మాత్రమే ఖాళీ. మిగతా అంతా ఒక్క విమానం మీదే ఆధారపడ్డ వ్యవహారం. అది కదలకపోతే మనమూ కదలం. రోజుకు నాలుగు సర్వీసులు నడిపే కంపెనీ అయితే తర్వాతి దాంట్లో సర్దుతుంది. ఇక్కడ తర్వాతిది అంటే వచ్చే వారం.

"మా డిపోలో బస్సు చెడిపోతే ఇంకోటి పంపేవాళ్ళం గదరా, వీళ్ళకి స్పేర్ బస్సే లేదా?" అన్నాడు బాబాయ్. లేదు బాబాయ్, అన్నాను.

చివరికి కౌంటర్ దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది. మెడలో బ్యాడ్జి ఉంది, అది గ్రౌండ్ హ్యాండ్లింగ్ కంపెనీది, అంటే ఎయిర్‌లైన్ల తరఫున ఎయిర్‌పోర్టులో కౌంటర్, సామాన్ల పని చూసేవాళ్ళది. నెల్లూరాయన ఒకాయన ముందుకెళ్ళి "మీ మేనేజర్ని పిలవమ్మా, ఇక్కడ ముసలోళ్ళున్నారు, షుగర్ పేషెంట్లున్నారు" అని తెలుగులోనే గట్టిగా మొదలుపెట్టాడు. ఆ పిల్ల కంగారు పడలేదు. ఫోన్ తీసి, ఏదో టైప్ చేసి, మా వైపు తిప్పింది. ఆ యాప్ హిందీలో చదివి వినిపించింది: మేము ఎయిర్‌లైన్ కాదు, దయచేసి మీ ఎయిర్‌లైన్‌ని సంప్రదించండి. నెల్లూరాయన నా వైపు తిరిగి "ఏమంటాదబ్బా?" అన్నాడు. చెప్పాను. "మరి ఎయిర్‌లైన్ ఎవరు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

నేను ఏజెంటుకు ఫోన్ చేశాను. "అది ఎయిర్‌లైన్ ప్రాబ్లం సార్, మా చేతిలో లేదు." టికెట్టు మీద కనబడ్డ కంపెనీ నంబరుకు చేశాను. పీఎన్ఆర్ చెప్పమన్నారు. మా కాగితం మీద ఉన్నది గ్రూప్ నంబరు. అది వాళ్ళ సిస్టంలో కనబడలేదు, టూర్ కంపెనీని అడగమన్నారు. టూర్ కంపెనీకి చేస్తే మీరు ఏ ఏజెంటు దగ్గర కొన్నారో అతన్నే అడగమన్నారు. అప్పటికి అమ్మ కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని, కొంగు కప్పుకుని పడుకుంది. పిన్ని సంచీలో మిగిలిన చెక్కలు, వేరుశనగుండలు తీసి పంచింది. తిండి దుకాణాలు అప్పటికే మూసేశారు. కంపెనీ తరఫున మంచినీళ్ళ సీసా కూడా రాలేదు.

బాబాయ్ మాత్రం నోటుబుక్కు తీశాడు. అందరి పేర్లూ రాసి, ఎవరికి ఎప్పుడు ఏం చెప్పారో టైం వేసి, భారతీయ కాలమానం బ్రాకెట్లో పెట్టి, సంతకాలు చేయించాడు. కొందరు నవ్వారు. తర్వాత పనికొచ్చింది ఆ కాగితమే.

తెల్లవారాక విమానం వచ్చింది. దాంట్లోంచి కొత్త బ్యాచ్ దిగింది, కళ్ళు ఎర్రగా ఉన్నా అందరూ హుషారుగానే ఉన్నారు. అద్దానికి అటు పక్క నుంచి ఒక కుర్రాడు అమ్మను చూసి "ఎలా ఉందండీ ట్రిప్పు?" అని గట్టిగా అడిగాడు. "రావడం బాగుంటుంది నాయనా" అంది అమ్మ.

ఇప్పుడు చట్టం సంగతి. దీని గురించి తెలియని వాళ్ళే ఎక్కువ. మా ఏజెంటుకు అసలు తెలియదు. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది, మన దేశం 2009లో చేరింది. దాని ప్రకారం తన పేరు మీద ప్రయాణం అమ్మినవాడు ఒకడు, నిజంగా విమానం నడిపినవాడు ఇంకొకడు అయితే ఇద్దరికీ బాధ్యత ఉంటుంది. ఆలస్యం వల్ల నష్టం జరిగితే, తాము చేయగలిగిందంతా చేశామని వాళ్ళే చూపించుకోవాలి. అంటే "అది మా ప్రాబ్లం కాదు" అనే పాట చెల్లదు. సూట్‌కేసు దెబ్బతింటే 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. మాది చక్రం విరిగింది, ఎయిర్‌పోర్టులోనే రాసిచ్చాను కాబట్టి ఆ డబ్బులొచ్చాయి.

ఇన్సూరెన్స్ మాత్రం చెయ్యిచ్చింది. నా పాలసీలో ఆలస్యానికి పరిహారం షెడ్యూల్డ్ విమానాలకే, అంటే టైమ్‌టేబుల్ ప్రకారం నడిచే మామూలు విమానాలకే అని ఉంది. చార్టర్ షెడ్యూల్డ్ కాదు. కొనే ముందు మీ పాలసీలో ఆ మాట ఉందేమో వెతుక్కోండి, ఏజెంటు "అంతా కవర్ అవుతుంది సార్" అంటే నమ్మకండి.

ఈ చార్టర్ టూర్ల వ్యాపారం ముదిరింది బ్రిటన్‌లో. 1950లో వ్లాదిమిర్ రైట్జ్ అనే ఆయన కోర్సికా దీవికి ఒక డకోటా విమానంలో జనాన్ని తీసుకెళ్ళడంతో ఊపందుకుంది. టూర్ కంపెనీలు కూలిపోయి జనం ఎక్కడెక్కడో ఇరుక్కోవడం కూడా వాళ్ళకు అలవాటే. అందుకే 1973 నుంచి ఆటోల్ అని ఒక రక్షణ పథకం పెట్టుకున్నారు. 2019 సెప్టెంబర్‌లో థామస్ కుక్ కూలినప్పుడు దాదాపు లక్షన్నర మందిని అక్కడి విమానయాన నియంత్రణ సంస్థే వేరే విమానాలు పెట్టి ఇంటికి చేర్చింది. (మన దేశంలో అదే పేరుతో ఉన్న కంపెనీ వేరు, దానికీ దీనికీ అప్పటికే సంబంధం లేదు.) అక్కడ ప్యాకేజీ కొంటే ఆటోల్ సర్టిఫికెట్ చేతికిస్తారు. మా ఏజెంటు చేతికిచ్చింది ఒక టోపీ, ఒక లగేజీ ట్యాగు.

తిరిగొచ్చాక టూర్ కంపెనీ వచ్చే టూర్‌లో వాడుకోమని కూపన్ ఇస్తానంది. వద్దన్నాను. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, బాబాయ్ కాగితం ఫొటో జత చేసి ఫిర్యాదు పెట్టాం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉన్న ఊళ్ళోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసుకోవచ్చు, కంపెనీ హెడ్డాఫీసు ఉన్న ఊరికి తిరగక్కర్లేదు. ఆ మాట మెయిల్లో రాశాక వాళ్ళ గొంతు మారింది. కోర్టు దాకా పోకుండానే కొంత డబ్బు వెనక్కి ఇచ్చారు. సంతకం పెట్టనివాళ్ళకు కూపనే దక్కింది.

మీరు కొనేటట్టయితే విమానం నడిపేది ఎవరో మెయిల్లో రాసిమ్మని అడగండి, ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. ఫ్లైట్ నంబరు ముందే తీసుకుంటే, ఆ విమానం అంతకుముందు వారాల్లో ఎంత ఆలస్యంగా నడిచిందో ట్రాకింగ్ సైట్లలో మీరే చూసుకోవచ్చు. తిరిగొచ్చిన మర్నాడే ఆఫీసు, పరీక్ష, పెళ్ళి లాంటివి పెట్టుకోవద్దు. మందుల సంచీ చేతిలోనే ఉండాలి. ఇంటిపేర్లు వేరైతే ఫ్యామిలీ అని లిస్టులో రాయించుకోండి.

కాళ్ళ చోటు సంగతి: బోయింగ్ 737-800లో 189 సీట్ల దాకా పెట్టుకోవచ్చు, మాదాంట్లో అన్నీ పెట్టినట్టే ఉంది. ఆరడుగుల మనిషైతే నడవ పక్క సీటు అడగండి. తిండి పెట్టారు, వెజ్ అని రాయించినా పిన్నికి చికెన్ వచ్చింది.

బాబాయ్ మొన్న ఫోన్ చేశాడు. అదే ఏజెంటు దగ్గర అల్మాటీ చార్టర్ ఉందంట, మనిషికి మూడు వేలు తక్కువంట, "ఈసారి నోటుబుక్కు ముందే తెస్తాలేరా" అంటున్నాడు.