నోటిఫికేషన్లు ఆపినా పిల్లాడు పాఠం వదిలి షార్ట్స్‌లోకి వెళ్తుంటే

నోటిఫికేషన్లన్నీ ఆపినా మీ అబ్బాయి ఫిజిక్స్ పాఠం మధ్యలో షార్ట్స్‌లోకి జారిపోతున్నాడంటే, లాగుతున్నది యూట్యూబ్ హోమ్ పేజీ అయి ఉంటుందండీ. పాత హిస్టరీని, అంటే ఇంతకుముందు చూసిన వీడియోల జాబితాని బట్టి నచ్చేవే ముందు పెడుతుంది. ఎంత జరిపినా చివర రాదు, ఆగే చోటే ఉండదు. ఇంటర్ పిల్లాడి బుద్ధిని తప్పుపట్టకండి.

1. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో మేనేజ్ ఆల్ హిస్టరీ తెరవండి.

2. అక్కడ వాచ్ హిస్టరీ ఆఫ్ చేయండి.

3. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పాత హిస్టరీ మొత్తం డిలీట్ చేయాలి. అది ఉన్నంతకాలం సిఫార్సులు వస్తూనే ఉంటాయి. రెండూ చేస్తేనే హోమ్ పేజీ దాదాపు ఖాళీ అవుతుంది. 2023 ఆగస్టు నుంచి యూట్యూబ్ పద్ధతి ఇదే. ఫోన్‌లో ఇంకో జీమెయిల్ ఉంటే దానికీ ఇలాగే చేయండి.

4. ఆటోప్లే (ఒక వీడియో అయ్యాక ఇంకోటి దానంతటదే మొదలవడం) ఆఫ్ చేయండి.

లెక్చరర్ల ఛానెళ్లు సబ్‌స్క్రిప్షన్స్‌లో ఎప్పటిలాగే దొరుకుతాయి.

ఫోన్ మాత్రం లాక్కోకండి. ట్యూషన్ టైమింగ్స్, నోట్సు లాంటివి వాట్సాప్ గ్రూపులోనే వస్తుంటాయి కదా. పక్కన కూర్చుని ఇవన్నీ అతని చేతే చేయించండి. చెప్పకుండా మారిస్తే మళ్లీ ఆన్ చేసుకోవడం నిమిషం పని.