ఎక్కడ ఆపావో అడుగు

తెనాలి,
డిసెంబర్ 2025

అమ్ములూ,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. పదకొండు నిమిషాలు! అందులో తొమ్మిది నిమిషాలు నీతో ఒకే ఇంట్లో ఉండే ఆ పిల్ల మీద ఫిర్యాదు, రెండు నిమిషాలు ముక్కు చీదడం. ఫోన్ చేస్తే నన్ను మాట పూర్తిచేయనివ్వవు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

నాకర్థమైనంతవరకు జరిగింది ఇదీ. శుక్రవారం రాత్రి, వారమంతా ఆఫీసులో నలిగివచ్చిన పిల్లని కూర్చోబెట్టి ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ అనే జపాన్ బొమ్మల సినిమా పెట్టావు. సగంలో తను ఫోన్ తీసింది. ‘బొమ్మల సినిమాలో కూడా ఏడుపేనా’ అంది. నువ్వు ఊరుకుంటావా? తను రెండు నెలలుగా ఆడుతున్న ‘ఎల్డెన్ రింగ్’ అనే వీడియో గేముని పట్టుకుని ‘వందసార్లు చచ్చి నూటొకటోసారి బతికితే అదో ఘనతా’ అన్నావు. అప్పట్నుంచి ఒకే వంటింట్లో ఇద్దరూ వేరువేరు గిన్నెల్లో మ్యాగీ వండుకుంటున్నారు.

నేను సినిమా పండితుణ్ణి కాదు. కానీ పదిహేనేళ్లపాటు వీడియో క్యాసెట్ల షాపు నడిపినవాణ్ణి. 1986లో నేనూ, సినిమా హాలు బుకింగ్ గుమస్తాగారి అబ్బాయీ చెరో సగం వేసుకుని పెట్టాం. నీకు తెలుసుగా, ఇప్పటికీ పండక్కి అరిసెలు పట్టుకొచ్చే ఆయన. సాయంత్రం అయితే చాలు, జనానిది ఒకటే మాట: ‘ఏదన్నా మంచిది ఇవ్వండి.’ మంచిదంటే ఎవరికి, ఏ పూటకి? మాకు తెలిసేది కాదు. తోచింది ఇచ్చేవాళ్లం.

మర్నాడు క్యాసెట్ తిరిగిస్తూ అందరూ ‘బాగుందండీ’ అనేవాళ్లు. రివైండ్ చేసి ఇవ్వమని గోడ మీద పెద్దక్షరాలతో రాసిపెట్టినా సగంమంది చేసేవాళ్లు కాదు. మొదట్లో తిట్టుకునేవాళ్లం. తర్వాత ఒకరోజు మావాడు, అదే ఆ గుమస్తాగారి అబ్బాయి, క్యాసెట్ కిటికీలోంచి చూసి నవ్వాడు. ఎడమ చక్రం మీద టేపంతా అలాగే ఉంది, కుడివైపు పలచగా ఒక పొర. ‘అద్భుతం’ అని వెళ్లిన పెద్దమనిషి ఇరవై నిమిషాలకే కట్టేశాడన్నమాట! ‘ఏదోలే’ అని పెదవి విరిచిన ఒకావిడ మాత్రం చివరిదాకా చూసి, మళ్లీ వెనక్కి తిప్పుకుని ఒక పాట దగ్గర ఆపింది. కొన్ని క్యాసెట్లలో ఒక్కచోటే తెల్లగీతలు పడేవి. ఆ ముక్కనే పదేపదే వేసుకుని చూస్తే టేపు అరుగుతుంది మరి. ఏ ఇంటివాళ్లకి ఏ సీను ప్రాణమో ఆ గీతలే చెప్పేవి.

అప్పట్నుంచి మావాడు ‘ఎలా ఉంది’ అని అడగడం మానేశాడు. ‘ఎక్కడ ఆపారు?’ అనేవాడు. ‘ఎలా ఉంది’ అంటే మనిషి మర్యాదకి జవాబు చెబుతాడు. ‘ఎక్కడ ఆపారు’ అంటే కాస్త తడబడి నిజం చెబుతాడు.

నువ్వు కూడా ఆ పిల్లని అదే అడుగు. నిలదీసినట్టు కాదు, టీ పెట్టిస్తూ. ఎందుకంటే, ఒట్టేసి చెబుతున్నా, కిందటి వేసవిలో నువ్వు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి వెళ్లినప్పుడు నేనూ ఆ ఫైర్‌ఫ్లైస్ సినిమాని మధ్యలో ఆపాను. నీతో చెప్పలేదంతే. ఆ చంటిపిల్ల సెత్సుకో మిఠాయి డబ్బా ఉంటుందే, చప్పరించే బిళ్లల డబ్బా, అది ఖాళీ అయ్యాక అందులో నీళ్లుపోసి తిప్పి తాగుతారే, అక్కడ లేచి వరండాలోకి వెళ్లిపోయాను. మీ అత్త ‘అయిపోయిందా’ అంటే ‘ఆఁ’ అన్నాను. మిగతాది మూడోరోజు చూశాను. ఫోన్ తీసిన పిల్లకి విసుగొచ్చిందని నువ్వెలా తేల్చావు? భరించలేక తీసిందేమో! జోకు వేయడం కూడా చాలాసార్లు కళ్లు తుడుచుకోవడానికే.

నాకీ సంగతి ఊరికే తెలియలేదు. మావాడికి ‘శంకరాభరణం’ అంటే ప్రాణం. 1980లో అది వచ్చినప్పుడు మొదటి రోజుల్లో హాళ్లు వెలవెలబోయాయి. వాళ్ల నాన్న కౌంటర్లో ఖాళీగా కూర్చుంటే వీడు సైకిలేసుకుని తెలిసినవాళ్లందరికీ చెప్పొచ్చాడట. తర్వాత ఆ నోటా ఈ నోటా పడి హాళ్లు నిండాయి. ఆ సినిమా ఆడటంలో తనకీ వాటా ఉందన్నట్టు ఉండేవాడు. నాకేమో ‘శివ’ పిచ్చి. 1989 అక్టోబర్లో వచ్చింది కదా, ఊళ్లో కుర్రాళ్లు ప్రతివాడూ సైకిల్ చైన్ వంక అదోలా చూసిన కాలం. తర్వాతి ఏడు ఒకరోజు షాపు నిండా జనం ఉండగా ఎవరో శంకరాభరణం అడిగితే, ‘నిద్రమాత్ర ఎందుకండీ, శివ పట్టుకెళ్లండి’ అన్నాను. అందరూ నవ్వారు. మావాడు నవ్వలేదు. తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. పదకొండు రోజులు రాలేదు.

పన్నెండోరోజు వచ్చాడు. శివ క్యాసెట్ నా ముందు పెట్టి, ‘ఇక్కడ ఆపాను, ఎందుకో అడగవా?’ అన్నాడు. డెక్‌లో వేసి చూశాను. హీరో అన్న కూతుర్ని సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని సందుల్లో పారిపోతుంటే రౌడీలు వెంటపడే సీను. నేను ఈల వేసిన సీను. ‘మా పిల్లకీ అంతే వయసు, రోజూ అలాగే సైకిల్ మీద బడికి తీసుకెళ్తున్నాను, ఆ తర్వాత చూడటం నావల్ల కాలేదు’ అన్నాడు. అదే సినిమా, అదే సీను. నాకప్పటికి పెళ్లే కాలేదు. క్షమించమని నేను అడగలేదు, వాడు అడిగించుకోలేదు. శంకరాభరణం క్యాసెట్ ఇంటికి పట్టుకెళ్లి పూర్తిగా చూసి, రివైండ్ చేసి తెచ్చిచ్చాను. వాడు కిటికీలోంచి చూసి ‘నమ్మకం లేదు’ అన్నాడు!

ఇప్పుడు నీ తప్పు చెబుతా, కోపం తెచ్చుకోకు. నువ్వు గొప్పదాన్ని ఎంచావు, ఆ పిల్లకి తగినదాన్ని ఎంచలేదు. 1988 ఏప్రిల్లో జపాన్‌లో ఆ సినిమానీ, ‘మై నైబర్ టొటొరో’నీ ఒకే రోజున, ఒకే టిక్కెట్టు మీద విడుదల చేశారు. ఒకదాంట్లో బస్టాపులో గొడుగేసుకుని నిలబడే బొద్దు భూతం, ఇంకోదాంట్లో యుద్ధంలో ఆకలితో పోయే పిల్లలు. ఏది ముందు వేశారన్నదాన్ని బట్టి ఇంటికెళ్లే జనం మొహాలు వేరుగా ఉండి ఉంటాయి. శుక్రవారం రాత్రి ఏది, ఆదివారం పొద్దున ఏది అన్నది చిన్న విషయం కాదు. క్యాసెట్ల వాణ్ణి, నా మాట నమ్ము.

పైగా తనకి జపాన్ భాష అలవాటు లేదు. కింద ఇంగ్లిష్ అక్షరాలు చదవాలి, పైన బొమ్మ చూడాలి. ఆఫీసులో పొద్దంతా స్క్రీన్ చూసిన కళ్లకి అది మళ్లీ ఉద్యోగమే. నీకు డబ్బింగ్ అంటే గిట్టదని తెలుసు, ‘గొంతు పాడుచేస్తారు మావయ్యా’ అంటావు. నిజమే కావచ్చు. కానీ నువ్వు ఈ లోకంలోకి వచ్చిందే తెలుగులో మాట్లాడే షిన్‌చాన్‌ని చూసి కదే. మీ అమ్మ టీవీ కట్టేస్తే నువ్వు పెట్టిన గోల నాకింకా గుర్తుంది. తనకి ఆ గుమ్మం దొరకలేదు, నువ్వు నేరుగా మేడ మీదకి తీసుకెళ్లావు.

నన్నడిగితే ముందు ఆ బొమ్మల రామాయణం పెట్టు. జపాన్‌కి చెందిన యూగో సాకో, మన రామ్‌మోహన్ వాళ్లూ కలిసి తీసింది, 1990ల మొదట్లో తయారై ఈ జనవరిలో తెలుగు మాటలతో థియేటర్లకి వచ్చింది. కథ తనకి నోటికొచ్చు. తర్వాతేం జరుగుతుందో అన్న బెంగ ఉండదు కాబట్టి కళ్లు బొమ్మ మీదే ఉంటాయి. అడవిలో వెలుగెలా పడింది, వానరసేన ఎలా కదిలింది అన్నవి కనిపిస్తాయి. నీకు యానిమేలో, అదే ఈ జపాన్ బొమ్మల సినిమాల్లో, నచ్చేది అదే కదా? అది తనంతట తను చూడాలి, నువ్వు వేలుపెట్టి చూపించకూడదు.

అన్నట్టు, సినిమా నడుస్తుంటే తన మొహంకేసి చూస్తూ కూర్చోకు. నువ్వు కూర్చుంటావు, నాకు తెలుసు. మంచి సీను రాబోతుంటే పక్కకి తిరిగి ‘ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు’ అంటావు. నా విషయంలో రెండుసార్లు అన్నావు. అలా కాపలా కాస్తే ఎదుటివాళ్లకి సినిమా కాదు, పరీక్ష. టెన్షన్ వస్తుంది.

ఇక గేములు. ఇక్కడ తప్పు పూర్తిగా నీదే.

తొంభైల్లో షాపు వెనకగదిలో రెండు టీవీలు పెట్టి, గంటకి ఐదు రూపాయల చొప్పున ఆడించేవాళ్లం. పిల్లలు ఎక్కువగా అడిగేది ‘కాంట్రా’. అందులో మూడో స్టేజి జలపాతం. బండ మీంచి బండ మీదకి గెంతుతూ పైకెక్కాలి. ఇద్దరు ఆడేటప్పుడు ఒకడు గబగబా ఎక్కేస్తే తెర కూడా వాడితోపాటు పైకి జరుగుతుంది. కింద ఉన్నవాడు తెర కిందంచున దొరికిపోయి చస్తాడు. శత్రువు అక్కర్లేదు, తోడొచ్చినవాడు చాలు. రోజుకి పది కొట్లాటలు దానిమీదే. మావాడు బాగా ఆడేవాడికి ముందే చెప్పేవాడు, ‘గెంతేముందు పక్కవాడు ఎక్కడున్నాడో చూడరా’ అని. ఇంకో రూల్ కూడా ఉండేది: పక్కవాడి చేతిలోంచి రిమోట్ లాక్కుంటే ఆ గంట డబ్బులు లాక్కున్నవాడే కట్టాలి.

ఎల్డెన్ రింగ్ సంగతి నాకు మా అబ్బాయి వల్ల తెలుసు. వాడు ఆ గేములో మలీనియా అనే శత్రువు దగ్గర పదిహేను రోజులు ఆగిపోయాడు. ఆమె మనల్ని కొట్టిన ప్రతిసారీ ఆమెకే ప్రాణం పెరుగుతుంది. ఇదెక్కడి న్యాయం! వాడు అన్నం ముందు కూర్చుని కూడా గాల్లో చేతులు తిప్పుతుండేవాడు. గెలిచిన రాత్రి పన్నెండున్నరకి నన్ను లేపి చెప్పాడు. నేను తిట్టలేదు, లేచి కూర్చుని మొత్తం విన్నాను. కాబట్టి రేపు తను ఆడుతుంటే గంటసేపు పక్కన కూర్చో. సలహాలు ఇవ్వకు, ఇంకో గేముతో పోల్చకు. ‘ఇప్పుడు ఎక్కడ ఆగావు?’ అని అడుగు. గేము ఆడేవాళ్లకి ఇంతకంటే ప్రియమైన ప్రశ్న లేదు. చూస్తుండు, మాటలు వాటంతటవే వస్తాయి.

తర్వాత నెమ్మదిగా ఇద్దరూ కలిసి ‘ఇట్ టేక్స్ టూ’ మొదలుపెట్టండి. 2021లో వచ్చింది, ఒక్కరే ఆడటానికి కుదరదు. విడిపోదామనుకుంటున్న మొగుడూ పెళ్లాలు బొమ్మలైపోతారు. ఒకరి చేతికి ఇచ్చిన పనిముట్టు రెండోవాళ్ల దగ్గర ఉండదు. మా అబ్బాయీ కోడలూ ఆడుతుంటే చూశాను. నిజం మొగుడూ పెళ్లాలు కూడా బానే అరుచుకున్నారు!

మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. తనకి తెలుగు సినిమాలన్నా ఇష్టమన్నావుగా, ఈ ఏడాది వచ్చిన ‘డెత్ స్ట్రాండింగ్ 2’ గేములో రాజమౌళీ, ఆయన కొడుకు కార్తికేయా కనిపిస్తారని తెలుసేమో అడుగు. తెలిసే ఉంటుంది. అయినా నీతో చెప్పే అవకాశం తనకివ్వు.

కథ ముందే చెప్పేయడం గురించి వేరే రాయను. ఏడేళ్లప్పుడే నీ చేత చెంపలేయించాను.

మావాడికి ఇప్పుడు మనవరాలు, ఐదేళ్లు. పోయిన నెల శివ మళ్లీ థియేటర్లలో వేశారు కదా, ముప్ఫైఆరేళ్ల తర్వాత. ‘వస్తావా’ అన్నాను. ‘వస్తాను గానీ ఆ సైకిల్ సీను ముందు చెప్పు, బయటికి పోతా’ అన్నాడు. చెప్పాను. పోయాడు. తిరిగొచ్చేసరికి చేతిలో రెండు సమోసాలు, ‘అయిపోయిందా, పిల్ల బానే ఉందా?’ అన్నాడు చీకట్లో తడుముకుంటూ. వెనక వరుసలో కుర్రాడెవడో ‘కూర్చోండి తాతా’ అని అరిచాడు.

అరిసెలు వీడే తెచ్చాడు, బస్సులో పంపిస్తున్నాను. డబ్బాలో ఇద్దరికీ కలిపే పెట్టాను, వేరువేరుగా కట్టలేదు.

మీ మావయ్య